సంతకం లేని కాగితం: గోల్‌బజార్ రైల్వే కార్మికుల నేత వి.వి. గిరి జీవితం నమ్మకం గురించి ఏం చెబుతుంది?

ఖరగ్‌పూర్ స్టేషన్‌లో దిగి రైల్వే కాలనీ దారి పడితే గోల్‌బజార్ వస్తుంది. పశ్చిమ బెంగాల్‌లో ఉన్న ఈ బజారులో బెంగాలీ, హిందీతో పాటు తెలుగు కూడా ధారాళంగా వినిపిస్తుంది. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం జిల్లాల నుంచి మూడు నాలుగు తరాల కింద రైల్వే పనికి వచ్చిన కుటుంబాలు ఇక్కడే స్థిరపడ్డాయి. తాత వర్క్‌షాప్‌లో ఫిట్టరు, తండ్రి లోకో షెడ్డులో, కొడుకు బెంగళూరులో సాఫ్ట్‌వేర్ కంపెనీలో అని చెప్పే ఇళ్లు ఇక్కడ చాలా కనిపిస్తాయి.

ఇలాంటి ఊళ్లో ప్రభుత్వం అంటే ముందు గుర్తొచ్చేది కలెక్టరాఫీసు కాదు, రైల్వే. జీతం ఇచ్చేది రైల్వే. క్వార్టరు, నీళ్లు, ఆసుపత్రి, బడి అన్నీ రైల్వేవే. యజమాని, ప్రభుత్వం ఒకటే అయిన చోట ప్రభుత్వాన్ని నమ్మాలా వద్దా అన్నది టీవీ చర్చల్లో తేలే విషయం కాదు. నెలాఖరున, నోటీసు బోర్డు ముందు తేలే విషయం.

ఈ రైల్వే లైను మీదే సుమారు వందేళ్ల కింద ఒక తెలుగు న్యాయవాది కార్మికుల నమ్మకం సంపాదించాడు. ఆ నమ్మకమే ఆయన రాజకీయ జీవితానికి పునాది అయింది. చివరికి ఆయన రాష్ట్రపతి అయ్యారు. ఆ పదవికి ఆయనను చేర్చిన ఎన్నికను మాత్రం ఎవరు రాశారో తెలియని ఒక కరపత్రం కోర్టు దాకా ఈడ్చింది. ఆయన వరాహగిరి వెంకట గిరి. 1894 ఆగస్టు 10న పుట్టారు, 1980 జూన్ 24న కన్నుమూశారు.

రాజకీయ ప్రచారం జనం నమ్మకాన్ని ఎలా కడుతుందో, ఎలా కూలుస్తుందో తెలుసుకోవాలంటే గిరి జీవితం మంచి పాఠం. ఎందుకంటే ఆయన ఆ ఆటలో అన్ని వైపులా ఉన్నారు. పేరు లేని రాతలు రాసిన బృందంలో ఉన్నారు. తన పేరుతో, తన మొహంతో జనం ముందు నిలబడ్డారు. పేరు లేని రాత వల్ల లాభపడ్డారన్న ఆరోపణనూ ఎదుర్కొన్నారు.

బరంపురం నుంచి డబ్లిన్‌కు

గిరి పుట్టింది ఇవాళ ఒడిశాలో ఉన్న బరంపురంలో. అప్పట్లో అది మద్రాసు ప్రెసిడెన్సీలో భాగం. తండ్రి జోగయ్య పంతులు పేరున్న వకీలు, కాంగ్రెస్ వాది. చదువు, రాజకీయం రెండూ ఇంట్లోనే ఉన్నాయి.

1913లో లా చదవడానికి గిరి ఐర్లాండ్ రాజధాని డబ్లిన్ వెళ్లారు. బారిస్టర్ చదువుకు మన వాళ్లు ఎక్కువగా లండన్ వెళ్లే రోజులవి. ఐర్లాండ్ కూడా అప్పుడు బ్రిటిష్ పాలనలోనే ఉంది, స్వాతంత్ర్యం కోసం రగులుతోంది. అక్కడి కార్మిక నాయకుడు జేమ్స్ కనోలీ ప్రభావం గిరి మీద బలంగా పడింది. సమ్మె అంటే కూలి కోసం చేసే గొడవ మాత్రమే కాదు, మనిషి తలెత్తుకుని నిలబడటం అని అక్కడే నేర్చుకున్నారు.

డబ్లిన్‌లోని భారతీయ విద్యార్థులు దక్షిణాఫ్రికాలో భారతీయుల మీద జరుగుతున్న అకృత్యాల గురించి ఒక కరపత్రం వేశారు. గిరి అందులో ఒకరు. అది బ్రిటిష్ నిఘా విభాగం చేతిలో పడింది. అప్పటి నుంచి ఈ విద్యార్థుల మీద పోలీసు కన్ను పెరిగింది. ఐరిష్ వాలంటీర్ల పత్రికల్లో కూడా భారతీయ విద్యార్థులు పేరు లేకుండా వ్యాసాలు రాశారు.

పేరు ఎందుకు దాచారు? పేరు పెడితే జైలు, లేదా దేశ బహిష్కారం. రాసినవాడు బలహీనుడు, ఎదుట ఉన్నది సామ్రాజ్యం. అలాంటి చోట పేరు దాచుకోవడం పిరికితనం కాదు, ఆత్మరక్షణ. 1916 ఈస్టర్ తిరుగుబాటు తర్వాత పోలీసులు విద్యార్థుల గదులు సోదా చేశారు. గిరికి దేశం విడిచి వెళ్లమని నోటీసు వచ్చింది. ఆ ఏడాదే ఆయన తిరిగొచ్చారు.

నోటీసు బోర్డుకు ఎదురుగా

బరంపురంలో వకీలుగా మొదలుపెట్టినా, సహాయ నిరాకరణ పిలుపుతో గిరి ప్రాక్టీసు వదిలేశారు. తర్వాత ఆయన పని అంతా కార్మికుల మధ్యే సాగింది. కలకత్తా నుంచి నాగపూర్ వైపు, ఒడిశా తీరం మీదుగా వాల్తేరు వైపు సాగే బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే ఆయన ఊరి మీదుగానే వెళ్తుంది. జనం దాన్ని బీఎన్‌ఆర్ అనేవారు. ఆ రైల్వే పెద్ద వర్క్‌షాప్ ఖరగ్‌పూర్‌లో ఉండేది. వేల మంది అక్కడ పనిచేసేవారు. వారిలో తెలుగువారి సంఖ్య చాలా ఎక్కువ.

బీఎన్‌ఆర్ అప్పట్లో బ్రిటిష్ కంపెనీ. కంపెనీ మాట నోటీసు బోర్డు మీద ఇంగ్లీషులో కనిపించేది. కార్మికుల్లో చాలామందికి ఏ భాషా చదవడం రాదు. కాబట్టి నోటీసులో ఏముందన్నది చదివి చెప్పేవాడి మాట మీద ఆధారపడి ఉండేది. చదివి చెప్పేవాడు ఫోర్‌మన్ మనిషైతే ఒక అర్థం, సంఘం మనిషైతే ఇంకో అర్థం. ప్రచారం అనే మాట ఎవరూ వాడకపోయినా, అక్కడ రోజూ జరిగింది అదే.

గిరి బీఎన్‌ఆర్ కార్మిక సంఘాన్ని నిర్మించారు. 1920ల మధ్యలో దేశంలోని రైల్వే సంఘాలన్నీ కలిసి అఖిల భారత రైల్వేమెన్ సమాఖ్యగా ఏర్పడినప్పుడు వ్యవస్థాపకుల్లో ఆయన ఒకరు. చాలా ఏళ్లు దానికి ప్రధాన కార్యదర్శిగా ఉన్నారు. 1926లో ఏఐటీయూసీ అధ్యక్షుడయ్యారు. అదే ఏడాది ట్రేడ్ యూనియన్ల చట్టం వచ్చింది. దాంతో సంఘాలు తమ పదాధికారుల పేర్లు, జమా ఖర్చులు చూపి రిజిస్టర్ కావడానికి దారి ఏర్పడింది. ఎవరిని నమ్ముతున్నామో కార్మికుడికి తెలిసే ఏర్పాటు అది.

1927 ఫిబ్రవరిలో ఖరగ్‌పూర్‌లో సమ్మె మొదలైంది. మొదటి రోజుల్లోనే సమ్మెకారుల మీద కాల్పులు జరిగాయి. ఆ ఏడాది సెప్టెంబరులో కంపెనీ వెయ్యి మందికి పైగా కార్మికులను తీసేయడానికి పూనుకుంది. గొడవ పెరిగి వర్క్‌షాప్‌కు తాళం పడింది. నెలల తరబడి జీతం లేదు. రైల్వే ఊళ్లో జీతం ఆగితే గోల్‌బజార్ లాంటి బజారులో అరువు కూడా ఆగుతుంది. కార్మికుడిని పనిలోకి రమ్మని కంపెనీ ఒక వైపు లాగుతుంటే, నిలబడమని సంఘం ఇంకో వైపు లాగింది. ఆకలి మధ్యలో ఎవరి మాట నమ్మాలో ప్రతి ఇల్లూ తేల్చుకోవాల్సి వచ్చింది.

1927–28 నాటి ఈ పోరాటం అహింసాయుతంగా నడిచిందని, కంపెనీ దిగొచ్చిందని గిరి జీవిత కథలు చెబుతాయి. పనిలోంచి తీసేసిన వాళ్లకు కొంత ఊరట దక్కింది, అడిగినదంతా దక్కలేదు. అయినా సంఘం చెదరలేదు. కారణం ఒకటే. నాయకుడు ఏం హామీ ఇచ్చాడో, అందులో ఎంత తెచ్చాడో, ఎంత తేలేదో కార్మికుడికి ఎదురుగా కనిపించింది. హామీ ఇచ్చిన మనిషి మళ్లీ అదే లైను మీద, అదే మీటింగుకు వచ్చేవాడు. అడగడానికి వీలుండేది. ఆ వీలు నుంచే నమ్మకం పుట్టింది.

1927లో జెనీవాలో జరిగిన అంతర్జాతీయ కార్మిక సదస్సుకు, 1931లో లండన్‌లో జరిగిన రెండో రౌండ్ టేబుల్ సమావేశానికి గిరి కార్మికుల ప్రతినిధిగా వెళ్లారు. బీఎన్‌ఆర్ లైను మీద మొదలైన గొంతు అక్కడి దాకా వినిపించింది.

పసుపు పెట్టె

1937లో మద్రాసు శాసనసభకు ఎన్నికలు జరిగాయి. కాంగ్రెస్ గిరిని బొబ్బిలిలో నిలబెట్టింది. ఎదురుగా ఉన్నది సాక్షాత్తూ బొబ్బిలి రాజా. జస్టిస్ పార్టీ నాయకుడు, మద్రాసు ప్రెసిడెన్సీకి ప్రధానిగా చేసినవాడు. సొంత జమీందారీలో రాజాను ఓడించడం జరిగే పని కాదని అందరూ అనుకున్నారు. గిరి గెలిచారు. రాష్ట్రం మొత్తం మీద జస్టిస్ పార్టీ తుడిచిపెట్టుకుపోయింది.

ఆ ఎన్నికల్లో ఒక్కో పార్టీకి ఒక్కో రంగు బ్యాలెట్ పెట్టె కేటాయించారు. కాంగ్రెస్‌ది పసుపు. గాంధీకి ఓటెయ్యాలంటే పసుపు పెట్టెలో వెయ్యాలన్న ప్రచారం ఊరూరా పాకింది. చదువు రాని ఓటరుకు సందేశం రంగుగా అందింది. ఆలోచిస్తే ఇది చాలా గొప్ప పని, కొంచెం భయపెట్టే పని కూడా. ఒక రంగులో ఎన్నో హామీలను ఇమడ్చవచ్చు. ఓటరుకు రంగు గుర్తుంటుంది. హామీలు గుర్తుండాలంటే గెలిచినవాడు మళ్లీ కనబడాలి.

గిరి రాజాజీ మంత్రివర్గంలో కార్మిక, పరిశ్రమల మంత్రి అయ్యారు. నిన్నటి దాకా నోటీసులకు ఎదురు నిలిచిన మనిషి ఇప్పుడు నోటీసులు ఇచ్చే వైపుకు వచ్చారు. 1939లో యుద్ధం విషయంలో కాంగ్రెస్ మంత్రివర్గాలు రాజీనామా చేశాయి. క్విట్ ఇండియా ఉద్యమంలో గిరి జైలుకు వెళ్లారు. 1946లో ప్రకాశం మంత్రివర్గంలో మళ్లీ మంత్రి అయ్యారు. స్వాతంత్ర్యం తర్వాత సిలోన్‌లో భారత హైకమిషనర్‌గా పనిచేశారు.

వదులుకున్న పదవి, ఒప్పుకున్న ఓటమి

1952 తొలి సాధారణ ఎన్నికల్లో పాతపట్నం నుంచి లోక్‌సభకు గెలిచిన గిరి, నెహ్రూ మంత్రివర్గంలో కార్మిక మంత్రి అయ్యారు. యాజమాన్యం, కార్మికులు కూర్చుని మాట్లాడుకోవాలే తప్ప ప్రతిదానికీ ప్రభుత్వ తీర్పు కోసం ఎదురు చూడకూడదన్నది ఆయన పట్టు. అది గిరి విధానం పేరుతోనే ప్రసిద్ధమైంది.

1954లో బ్యాంకు ఉద్యోగుల జీతాల మీద కార్మిక అప్పిలేట్ ట్రిబ్యునల్ తీర్పు ఇచ్చింది. ప్రభుత్వం దాన్ని ఉద్యోగులకు నష్టం కలిగేలా సవరించింది. ట్రిబ్యునల్‌కు వెళ్లమని చెప్పింది ప్రభుత్వమే, అది ఇచ్చిన తీర్పును మార్చిందీ ప్రభుత్వమే. ఇలా చేస్తే కార్మికుడు ఇక ఏ తీర్పును నమ్ముతాడన్నది గిరి ముందున్న ప్రశ్న. ఆయన రాజీనామా చేశారు. దేశమంతా ఉన్న బ్యాంకు ఉద్యోగులకు ఆ రాజీనామా ఏ ప్రసంగం కన్నా గట్టిగా వినిపించింది.

1957లో పార్వతీపురం నుంచి పోటీ చేశారు. అది ఇద్దరు సభ్యుల నియోజకవర్గం. ఒకటి జనరల్ సీటు, ఒకటి షెడ్యూల్డ్ తెగలకు కేటాయించినది. ఓట్లు లెక్కపెడితే మొదటి రెండు స్థానాల్లోనూ గిరిజన అభ్యర్థులే వచ్చారు. డిప్పల సూరిదొర చేతిలో గిరి స్వల్ప తేడాతో ఓడిపోయారు. గిరిజన అభ్యర్థి జనరల్ సీటు ఎలా తీసుకుంటారని గిరి సుప్రీంకోర్టు దాకా వెళ్లారు. 1959లో కోర్టు ఆయన వాదన తోసిపుచ్చింది. ఎక్కువ ఓట్లు వచ్చిన గిరిజనుడు జనరల్ సీటుకూ అర్హుడేనని తేల్చింది. మాజీ కేంద్ర మంత్రి ఒక గిరిజన నాయకుడి చేతిలో ఓడి, కోర్టులోనూ ఓడి, ఆ తీర్పును ఒప్పుకున్నారు. ఇద్దరు సభ్యుల నియోజకవర్గాలను 1961లో పార్లమెంటు రద్దు చేసింది.

ఆ తర్వాత ఉత్తరప్రదేశ్, కేరళ, మైసూరు రాష్ట్రాలకు గవర్నరుగా ఉన్నారు. ఇక్కడ ఒక మచ్చ చెప్పుకోవాలి. 1965 మార్చిలో కేరళ ఎన్నికల్లో ఎవరికీ మెజారిటీ రాలేదు. 133 స్థానాల్లో 40 గెలిచి సీపీఎం అతి పెద్ద పార్టీ అయింది. గెలిచినవారిలో చాలామంది అప్పటికి నిర్బంధంలో ఉన్నారు. ఏ ప్రభుత్వమూ ఏర్పడే అవకాశం లేదని గవర్నరు గిరి నివేదిక ఇచ్చారు. శాసనసభ ఒక్క రోజు కూడా సమావేశం కాకుండానే రద్దయింది. ఓటేసి వచ్చిన మలయాళీ ఓటరుకు ఆ నివేదిక ఏ సందేశం ఇచ్చి ఉంటుందో ఊహించడం కష్టం కాదు.

ఇద్దరు తెలుగువాళ్లు, ఒక కరపత్రం

1967లో గిరి ఉపరాష్ట్రపతి అయ్యారు. 1969 మే 3న రాష్ట్రపతి జాకిర్ హుసేన్ హఠాత్తుగా మరణించడంతో తాత్కాలిక రాష్ట్రపతి బాధ్యతలు తీసుకున్నారు. కాంగ్రెస్‌లో ఇందిరా గాంధీకి, సిండికేట్ అని పిలిచే పాత నాయకులకు మధ్య పోరు ముదిరిన సమయం అది. జూలైలో బెంగళూరులో పార్టీ పార్లమెంటరీ బోర్డు నీలం సంజీవరెడ్డిని అభ్యర్థిగా ఎంపిక చేసింది. ఆయన ఆంధ్రప్రదేశ్ తొలి ముఖ్యమంత్రి, అప్పటి లోక్‌సభ స్పీకరు. ఇందిర ఆ ఎంపికను ఇష్టపడలేదు. గిరి స్వతంత్ర అభ్యర్థిగా బరిలోకి దిగారు.

జూలై 19న 14 పెద్ద బ్యాంకులను జాతీయం చేస్తూ ఆర్డినెన్స్ వచ్చింది. సంతకం చేసింది గిరి. పదిహేనేళ్ల కింద బ్యాంకు ఉద్యోగుల కోసం పదవి వదిలిన మనిషే ఇప్పుడు ఆ బ్యాంకులను ప్రభుత్వపరం చేస్తూ సంతకం పెట్టి, మర్నాడు రాజీనామా చేసి ఎన్నికల్లోకి వెళ్లారు. ఆ రాత్రి ఇందిర ఆకాశవాణిలో మాట్లాడారు. టీవీ అప్పటికి ఢిల్లీ దాటలేదు. ఇంట్లో, టీ కొట్లో ఉన్న రేడియోయే దేశానికి చెవి, ఆ రేడియో ప్రభుత్వానిది. పార్టీ పెద్దలతో పదవుల కోసం జరుగుతున్న పోరు, బీదవాళ్ల కోసం జరుగుతున్న పోరుగా జనానికి చేరింది. ప్రధాని ఇంటి ముందు జనం గుమిగూడి జేజేలు పలికారు.

రాష్ట్రపతి ఎన్నికలో ఓటర్లు సామాన్యులు కారు, ఎంపీలు, ఎమ్మెల్యేలు. అయినా ఆ ఓటర్ల మీద బయటి గాలి బలంగా వీచింది. అంతరాత్మ ప్రబోధం ప్రకారం ఓటు వేయాలన్న పిలుపు వచ్చింది. అవతల కాంగ్రెస్ అధ్యక్షుడు నిజలింగప్ప జనసంఘ్, స్వతంత్ర పార్టీ నాయకులను కలిసి రెండో ప్రాధాన్య ఓట్లు అడగడాన్ని ఇందిర వర్గం కుమ్మక్కుగా ప్రచారం చేసింది.

సరిగ్గా అప్పుడే ఒక కరపత్రం బయటికి వచ్చింది. పోస్టులో ఎంపీలకు అందింది, పార్లమెంటు సెంట్రల్ హాల్‌లో చేతులు మారింది. సంజీవరెడ్డి వ్యక్తిగత నడవడిక మీద అసభ్యమైన ఆరోపణలు అందులో ఉన్నాయి. రాసినవారి పేరు లేదు. అచ్చు వేసినవారి పేరు లేదు. ఆ ఆరోపణలను ఇక్కడ తిరిగి చెప్పడం అంటే ఆ కాగితానికి మళ్లీ పని కల్పించడమే.

డబ్లిన్ కరపత్రానికీ దీనికీ పేరు లేకపోవడం ఒక్కటే పోలిక. అక్కడ బలహీనుడు బలవంతుడి నేరాన్ని బయటపెట్టడానికి పేరు దాచాడు. ఇక్కడ అధికారానికి దగ్గరగా ఉన్న ఎవరో ఒక మనిషి పరువు తీయడానికి పేరు దాచారు. మొదటిదాంట్లో పేరు చెబితే రాసినవాడికి ప్రమాదం. రెండోదాంట్లో పేరు చెబితే ఆరోపణకే ప్రమాదం, ఎందుకంటే రుజువు అడుగుతారు.

ఆగస్టు 16న పోలింగ్ జరిగింది. తొలి ప్రాధాన్య ఓట్ల విలువలో గిరికి 4,01,515, సంజీవరెడ్డికి 3,13,548, సి.డి. దేశ్‌ముఖ్‌కు 1,12,769 వచ్చాయి. ఎవరికీ కావలసిన మెజారిటీ రాలేదు. రెండో ప్రాధాన్య ఓట్లు లెక్కించాక గిరి 4,20,077, సంజీవరెడ్డి 4,05,427 దగ్గర ఆగారు. తేడా 14,650. రాష్ట్రపతి ఎన్నిక రెండో ప్రాధాన్య ఓట్ల దాకా వెళ్లి తేలడం అదొక్కసారే. ఆగస్టు 24న గిరి ప్రమాణం చేశారు. ఆ నవంబరులో కాంగ్రెస్ రెండుగా చీలింది.

సాక్షిగా రాష్ట్రపతి

ఎన్నిక చెల్లదంటూ సుప్రీంకోర్టులో పిటిషన్లు పడ్డాయి. ఆ కరపత్రం ఓటర్ల మీద అనుచిత ప్రభావం చూపిందన్నది ప్రధాన ఆరోపణ. పదవిలో ఉన్న రాష్ట్రపతి కోర్టుకు రానక్కర్లేదు. ఉన్నచోటే సాక్ష్యం ఇచ్చే వీలుంది. అయినా గిరి స్వయంగా కోర్టుకు వచ్చి సాక్ష్యం చెప్పారు. పదవిలో ఉన్న రాష్ట్రపతి అలా రావడం అదే మొదటిసారి.

1970లో ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం పిటిషన్లు కొట్టేసింది. కరపత్రం పంచిన మాట నిజమేనని తేలింది. అలాంటి రాత అనుచిత ప్రభావం కిందికి రాదని కోర్టు అనలేదు. గిరి ప్రమేయంతో పంచారని, దానివల్ల ఫలితం మారిందని మాత్రం రుజువు కాలేదు. గిరి నిలబడ్డారు, చట్టం నిలబడింది. ఆ కాగితం రాసినవారు మాత్రం ఆ తీర్పులో దొరకలేదు.

పేరు లేని ప్రచారంతో వచ్చే అసలు నష్టం ఇక్కడే ఉంది. దెబ్బ తిన్నవాడికి ఎవరి మీద పోరాడాలో తెలియదు. లాభపడ్డాడని అనుమానం వచ్చినవాడు తాను చేయలేదని చెప్పుకోగలడు తప్ప, ఎవరు చేశారో చూపలేడు. గెలుపు మీద మరక ఉండిపోతుంది. గిరి స్వయంగా కోర్టుకు రావడం ఆ మరకను తుడిచే ప్రయత్నమే. దాచడానికి ఏమీ లేదని చెప్పడానికి ఆయన దగ్గరున్న పాత పద్ధతి అదొక్కటే: జనం ముందు కనబడటం, అడిగినదానికి జవాబు చెప్పడం. ఖరగ్‌పూర్ సమ్మె రోజుల్లో నేర్చుకున్నదీ అదే.

సులువుగా పడిన సంతకాలు

రాష్ట్రపతి భవన్‌లో గిరి ఐదేళ్ల కాలం మీద వచ్చిన విమర్శ వేరే రకం. అక్కడ సంతకం లేకపోవడం సమస్య కాలేదు, అడగకుండా పడిపోవడం సమస్య అయింది. 1970 సెప్టెంబరులో రాజభరణాల రద్దు బిల్లు రాజ్యసభలో వెంట్రుకవాసిలో వీగిపోయింది. వెంటనే ప్రభుత్వం రాజుల గుర్తింపు రద్దు చేస్తూ రాష్ట్రపతి ఉత్తర్వు సిద్ధం చేసింది. అప్పుడు హైదరాబాద్‌లో ఉన్న గిరి దాని మీద సంతకం పెట్టారు. పార్లమెంటు ఒప్పుకోనిదాన్ని సంతకంతో చేసిన ఆ ఉత్తర్వును డిసెంబరులో సుప్రీంకోర్టు కొట్టేసింది. 1954లో తీర్పును సవరించినందుకు పదవి వదిలిన మనిషి, 1970లో ఆగి ఆలోచించమని ప్రభుత్వాన్ని అడిగినట్టు కనబడలేదు.

అంతకన్నా బాధ కలిగించేది 1974. మే 8న రైల్వే కార్మికుల దేశవ్యాప్త సమ్మె మొదలైంది. దాన్ని నడిపించినవారిలో ముందున్నది గిరి వ్యవస్థాపకుల్లో ఒకరైన అఖిల భారత రైల్వేమెన్ సమాఖ్యే. అప్పుడు దాని అధ్యక్షుడు జార్జి ఫెర్నాండెజ్. ప్రభుత్వం డిఫెన్స్ ఆఫ్ ఇండియా రూల్స్ కింద వేల మందిని అరెస్టు చేసింది. సమ్మెలో ఉన్నవారి కుటుంబాలను క్వార్టర్ల నుంచి ఖాళీ చేయించిన చోట్లున్నాయి. 20 రోజుల్లో సమ్మె ముగిసింది.

రైల్వే ఊళ్లలోని మనిషికి ఆ రోజుల్లో రెండు మాటలు వినిపించాయి. ఒకటి రేడియోలో ప్రభుత్వం మాట. రెండోది పక్క క్వార్టరులో జరిగింది కళ్లతో చూసినది. ఈ రెండూ కలవనప్పుడు మనిషి తన కళ్లనే నమ్ముతాడు. ఆ తర్వాత రేడియో నిజం చెప్పినా నమ్మకం రావడానికి చాలా కాలం పడుతుంది. బీఎన్‌ఆర్ కార్మికుల పాత నాయకుడు అప్పుడు దేశాధినేత. రాజ్యాంగం ప్రకారం ఆయన మంత్రివర్గం సలహా మేరకే నడవాలి. ఆ మాట నిజమే. కానీ క్వార్టరు ఖాళీ చేసిన కుటుంబానికి ఆ మాట ఓదార్పు కాదు.

ఆ ఆగస్టులో గిరి పదవీ కాలం ముగిసింది. 1975లో భారతరత్న ఇచ్చారు. 1976లో ఆయన ఆత్మకథ అచ్చయింది. 1977లో సంజీవరెడ్డి నంద్యాలలో గెలిచారు. ఆంధ్రప్రదేశ్ అంతా ఇందిర వైపు నిలిచిన ఆ ఎన్నికలో జనతా పార్టీకి అక్కడ దక్కిన ఒకే ఒక్క సీటు అది. ఆ జూలైలోనే ఆయన ఏకగ్రీవంగా రాష్ట్రపతి అయ్యారు. కరపత్రం ఎనిమిదేళ్లు ఆపగలిగింది, ఎప్పటికీ ఆపలేకపోయింది.

ఇవాళ్టి గోల్‌బజార్

1995లో నోయిడాలోని జాతీయ కార్మిక సంస్థకు గిరి పేరు పెట్టారు. ఆయన పేరు ప్రభుత్వ బోర్డుల మీద నిలిచింది. ఆయన జీవితం వేసిన ప్రశ్న మాత్రం గోల్‌బజార్‌లో టీ తాగుతూ ఫోను చూసుకునే మనిషి చేతిలో ఉంది.

ఖరగ్‌పూర్ తెలుగు ఓటరు ఓటు వేసేది బెంగాల్‌లో. చూసే టీవీ చానళ్లలో కొన్ని హైదరాబాద్‌వి. ఫోన్లో వచ్చే వీడియోలు మూడు నాలుగు భాషల్లో ఉంటాయి. శ్రీకాకుళంలోని మేనమామ పంపినది, వర్క్‌షాప్ గ్రూపులో వచ్చినది, ఏ పార్టీ వాళ్లు వదిలారో తెలియనిది అన్నీ ఒకే తెరమీద ఒకే సైజులో కనిపిస్తాయి. సొంత ఊరి పంచాయతీ గురించి, పక్క వీధి మున్సిపాలిటీ గురించి వచ్చే అబద్ధానికి కూడా బంధువు పేరు తోడుగా వస్తుంది. రాసినవాడి పేరు ఉండదు. పంపినవాడి పేరే ఉంటుంది. 1927లో నోటీసు చదివి చెప్పినవాడి స్థానంలో ఇప్పుడు ఫార్వర్డ్ చేసినవాడు ఉన్నాడు.

ఎన్నికల కరపత్రం మీద అచ్చువేసినవారి, ప్రచురించినవారి పేర్లు ఉండి తీరాలని ప్రజాప్రాతినిధ్య చట్టం 1961 నుంచి చెబుతోంది. రాజకీయ ప్రకటనలను టీవీలో వేసే ముందు ఎన్నికల అధికారుల ఆమోదం కావాలన్న నిబంధన 2004లో వచ్చింది. 2013లో అది సోషల్ మీడియా ప్రకటనలకూ వర్తించింది. ఇవి డబ్బిచ్చి వేసే ప్రకటనలను కొంత పట్టుకోగలవు. చేతి నుంచి చేతికి వెళ్లే సంతకం లేని సందేశాన్ని పట్టుకోలేవు. సెంట్రల్ హాల్ కరపత్రం రాసినవారిని సుప్రీంకోర్టు విచారణ కూడా తేల్చలేకపోయింది.

అలాగని పేరు లేని ప్రతి మాటా అబద్ధం కాదు. ఆఫీసులో అవినీతిని బయటపెట్టే చిన్న ఉద్యోగి, డబ్లిన్ విద్యార్థిలాగే పేరు దాచుకోవాల్సి రావచ్చు. తేడా కనిపెట్టడానికి గిరి జీవితం ఒక పాత కొలబద్ద ఇస్తుంది. పేరు దాచుకున్నవాడు బలవంతుడికి ఎదురు తిరిగాడా, లేక బలవంతుడి పని చేసిపెడుతున్నాడా? చెప్పినదానికి రుజువు చూపాడా, లేక బురద చల్లి పోయాడా? పేరు చెప్పినవాడి విషయంలో అడగాల్సింది ఇంకొకటి ఉంది. ఈ మనిషి రేపు మళ్లీ మన బజారుకు వస్తాడా, అడిగితే జవాబు చెబుతాడా?

ప్రభుత్వం మీద నమ్మకం తగ్గిందని పార్టీలు వాపోతుంటాయి. అందుకు మందుగా ఇంకా ఎక్కువ ప్రచారం చేస్తుంటాయి. గోల్‌బజార్ లాంటి ఊరి అనుభవం దీనికి విరుద్ధం. లాకౌట్ నెలల్లో కార్మికుల్ని నిలబెట్టింది కరపత్రాల సంఖ్య కాదు. ఇచ్చిన మాటలో ఎంత నెరవేరిందో వచ్చి చెప్పిన మనిషి. గిరి ఆ పని చేసినంత కాలం జనం ఆయన్ని నమ్మారు. చేయని చోట, ఆయన పదవి ఎంత పెద్దదైనా, ఆ నమ్మకం ఆయనతో వెళ్లలేదు.